గూటికి ఒక కోడి తగ్గించండి: డెల్టా లేయర్ షెడ్లలో కోళ్లకు సుఖం కల్పించడం ఎలా?

తణుకు, పెరవలి, అనపర్తి, మండపేట చుట్టుపక్కల గుడ్లకోళ్ల షెడ్లు నడిపేవాళ్లు ఈమధ్య నన్ను తరచూ అడుగుతున్న ప్రశ్న ఒకటే. "కోళ్లను గూళ్లలో కుక్కకూడదంటున్నారు. ఉన్న షెడ్డు పడగొట్టకుండా, కొత్తగా అప్పు చేయకుండా వాటికి ఏమైనా మేలు చేయగలమా?" ఒక్కొక్కరికి ఫోనులో చెప్పి చెప్పి గొంతు అరిగిపోయింది. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

నాదీ చిన్న షెడ్డే. 750 గూళ్లు, గూటికి నాలుగు చొప్పున మూడు వేల కోళ్లతో మొదలుపెట్టాను. ఇప్పుడు గూటికి మూడే ఉన్నాయి. షెడ్డు చివరి భాగంలో గూళ్లు తీసేసి 300 కోళ్లను నేల మీద పెంచుతున్నాను. కాబట్టి ఇందులో చాలామటుకు నేను చేసి చూసినవే, కొన్ని చేసి దెబ్బతిన్నవి.

మన గోదావరి జిల్లాల్లో సంక్రాంతి పుంజుకు బాదంపప్పు పెడతాం, ఈత కొట్టిస్తాం, ఒళ్లు పడతాం. పందెం మంచిచెడ్డలు పక్కన పెట్టండి. ఒక్క కోడి ఒంటిని అంత శ్రద్ధగా చూడటం మనకు చేతకాని విద్య కాదని చెప్పడానికే ఈ మాట ఎత్తాను. రోజూ గుడ్డు పెట్టి ఇల్లు నడిపే పెట్టకు అందులో పదో వంతు శ్రద్ధ దక్కినా చాలు.

కావలసినవి

కొలత టేపు, కోడిని తూచడానికి వేలాడదీసే చిన్న కాటా, ఉష్ణోగ్రతతో పాటు గాలిలో తేమ శాతం కూడా చూపే మీటరు, మందు సీసాతో వచ్చే మి.లీ. గీతల కప్పు, టార్చి, ఒక నోటుపుస్తకం. సున్నం, గోనె సంచులు, పచ్చ షేడ్ నెట్, కొంత వరిగడ్డి. నేల మీద పెంచాలనుకుంటే అదనంగా ఊక, సరుగుడు బొంగులు లేదా వెదురు, పాత చెక్క పెట్టెలు. కూర్చోవడానికి ఒక ముక్కాలిపీట కూడా తెచ్చుకోండి. మొదటి పని దానితోనే.

1. పావుగంట కూర్చోండి

ఏమీ కొనకముందు, ఏమీ మార్చకముందు వారం రోజులు ఇది చేయండి. ఉదయం ఏడింటికి ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి షెడ్డులో పీట వేసుకుని కదలకుండా కూర్చోవాలి. మొదటి ఐదు నిమిషాలు కోళ్లు మిమ్మల్నే చూస్తాయి. తర్వాత మిమ్మల్ని మరచిపోతాయి. అప్పుడు చూడండి.

నోరు తెరిచి రొప్పుతున్నవి ఎన్ని? రెక్కలు ఒంటికి దూరంగా వేలాడేసినవి ఎన్ని? మెడ మీద, తోక మొదట్లో ఈకలు ఊడి చర్మం కనిపిస్తున్నవి ఎన్ని? ఒక గూటిలో ఏ కోడి ఎప్పుడూ వెనకే ఉండిపోతోంది? తొట్టి దగ్గరకు రాలేక మిగతావాటి కాళ్ల కింద నలిగే కోడి ప్రతి వరుసలో ఒకటో రెండో ఉంటుంది. నడుస్తూ చూసేవాడికి అది కనపడదు, కూర్చున్నవాడికే కనపడుతుంది. లెక్కలన్నీ తేదీతో రాసుకోండి. రెండు నెలల తర్వాత పోల్చుకోవడానికి మీకు మిగిలేది ఈ పుస్తకమే.

2. చోటు కొలవండి

గూడు వెడల్పు, లోతు కొలిచి, కోళ్ల సంఖ్యతో భాగించండి. మన దగ్గర 18 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల లోతు ఉన్న గూడు అనుకుందాం. మొత్తం 270 చదరపు అంగుళాలు, అంటే సుమారు 1,740 చదరపు సెంటీమీటర్లు. నాలుగు కోళ్లుంటే ఒక్కోదానికి 435. ఇంట్లో ఉన్న ఏ4 కాగితం నేల మీద పరిచి చూడండి. అందులో మూడింట రెండు వంతుల చోటులో ఒక కోడి తన బతుకంతా వెళ్లదీస్తోందన్నమాట.

గుడ్లకోళ్ల మీద కేంద్ర ప్రభుత్వం 2023లో తెచ్చిన నిబంధనల్లో కోడికి కనీసం 550 చదరపు సెంటీమీటర్ల చోటు ఉండాలని ఉంది. అదీ ఏ4 కాగితం కంటే తక్కువే. ఐరోపా సమాఖ్య ఉత్త తీగల గూళ్లను 2012 నుంచే నిషేధించింది. అక్కడ గూడు వాడాలంటే కోడికి 750 చదరపు సెంటీమీటర్ల చోటు, అందులోనే వాలడానికి కర్ర, గుడ్డు పెట్టుకునే మూల ఉండాలి. జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం 1960లోనే వచ్చింది. కదలడానికి వీల్లేని గూటిలో జంతువును బంధించడం అప్పటినుంచీ నేరమే.

పై గూటిలో ఒక కోడిని తగ్గిస్తే మిగిలిన మూడింటికి 580 చొప్పున వస్తుంది. తొట్టి దగ్గర ఒక్కోదానికి నాలుగున్నర అంగుళాలకు బదులు ఆరు అంగుళాలు దొరుకుతుంది. ఒకేసారి మూడూ మేత తింటాయి. వెనక నలిగే కోడి ఉండదు.

నష్టం మాటేమిటంటారా? నిజమే చెబుతాను. మొత్తం గుడ్ల సంఖ్య తగ్గుతుంది. కానీ రోజుకు కోడికి 110 గ్రాముల చొప్పున తగ్గిన 750 కోళ్లకు అయ్యే 82 కిలోల దాణా మిగులుతుంది. చావులు, పగిలిన గుడ్లు తగ్గుతాయి. మీ లెక్క మీరు వేసుకోండి. దాణా ధర ఎక్కువగా, గుడ్డు ధర తక్కువగా ఉన్న నెలల్లో నాకు మూడు కోళ్ల లెక్కే నయంగా తేలింది. గుడ్డు ధర బాగా పలికిన నెలల్లో నాలుగు కోళ్లవాడికి నాకంటే ఎక్కువ మిగిలింది, అదీ ఒప్పుకోవాలి.

హెచ్చరిక: బ్యాచ్ మధ్యలో కోళ్లను ఈ గూటి నుంచి ఆ గూటికి మార్చకండి. కొత్త కోడిని పాతవి పొడిచి చంపుతాయి. కొత్త పుల్లెట్లు (ఇంకా గుడ్డుకు రాని పడుచు పెట్టలు) ఎక్కించే రోజే గూటికి మూడు చొప్పున వేయండి. ఇప్పుడున్న బ్యాచ్‌లో అయితే చచ్చిన కోడి స్థానంలో ఇంకోదాన్ని తెచ్చి పెట్టడం మానేయండి చాలు.

ఖాళీ గూళ్లు దొరికినప్పుడు లోపల చేయి పెట్టి అడుగు తీగలన్నీ తడిమి చూడండి. మీ వేలికి గుచ్చుకున్న ప్రతి కొసా కోడి పాదానికి గుచ్చుకుంటుంది. కట్టర్‌తో తెంపి, ఆకురాయితో రుద్దండి.

3. నీళ్లు

కోడి తిన్న మేతకు రెండింతలు నీళ్లు తాగుతుంది. ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. షెడ్డులో నీళ్లున్నాయా అని కాదు, చివరి నిప్పుల్ (పిన్ను నొక్కితే నీళ్లు కారే చిన్న కుళాయి) దగ్గర ఉన్నాయా అని చూడాలి.

వరుసలో మొదటిది, మధ్యది, చివరిది ఎంచుకోండి. నిప్పుల్ కింద కప్పు పట్టి, పిన్నును వేలితో నొక్కి, ఫోనులో నిమిషం లెక్కపెట్టండి. 60 మి.లీ. కంటే తక్కువ వస్తే ఆ చివర కోళ్లు దాహంతో ఉన్నట్టే. కారణం దాదాపు ఎప్పుడూ పైపులో పేరుకున్న పాచి, లేదా కిందికి వంగిన పైపు. వారానికి ఒకసారి చివరి మూత విప్పి నీళ్లు జోరుగా వదిలేయండి. బయటికొచ్చే బంకలాంటి జిగురు చూశాక మీకు మంచినీళ్లు తాగబుద్ధి కాదు.

ఇక వేడి. మా షెడ్డు మీద నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు ఉండేది. ఒక మే నెలలో మధ్యాహ్నం కోళ్లు నిప్పుల్ దాకా వచ్చి, ముక్కు తగిలించి, వెనక్కి పోతున్నాయి. పైపు మీద చేయి వేస్తే చురుక్కుమంది. కాఫీకి కాచినట్టున్న నీళ్లను ఏ జీవి తాగుతుంది? ఆ సాయంత్రమే ట్యాంకు చుట్టూ తడి గోనె సంచులు కట్టి, పైన కొబ్బరి మట్టల పందిరి వేశాం. ఖర్చు లేదు. మర్నాటినుంచి రెండింటికి తాగడం మొదలుపెట్టాయి. ఎండ మరీ ముదిరిన రోజుల్లో మధ్యాహ్నం గంటకోసారి పైపు చివర తెరిచి వేడినీళ్లు వదిలేయాలి.

వేసవిలో కాలువలు కట్టేశాక చాలామంది బోరు నీటికి మళ్లుతారు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో అది ఉప్పగా ఉంటుంది. కోళ్లు పలచగా విసర్జిస్తుంటే జబ్బని మందులు పోయకముందు నీళ్లు పరీక్ష చేయించండి. చెరువు నీళ్లు వాడితే వెయ్యి లీటర్లకు 5 గ్రాముల బ్లీచింగ్ పౌడరు సరిపోతుంది. అయితే నీటిలో వేసే టీకా ఉన్నప్పుడు ముందు రోజునుంచే బ్లీచింగ్ ఆపాలి. లేకపోతే మీరు టీకా కొని బ్లీచింగ్‌తో చంపినట్టే.

4. ఎండ, ఉక్క

మిగతావాటికంటే దీనిమీదే ఎక్కువ రాస్తాను. మన డెల్టాలో కోళ్లు పడే బాధల్లో పెద్దది ఇదే.

కోడికి చెమట పట్టదు. ఒంటి వేడే 41 డిగ్రీల దాకా ఉంటుంది. రొప్పడం ఒక్కటే దానికి తెలిసిన చల్లార్పు. ఎక్కువసేపు రొప్పితే గుడ్డు పెంకు పలచబడుతుంది, మేత మానేస్తుంది, చివరికి గుండె ఆగుతుంది. షెడ్డులో 32 డిగ్రీలు దాటిందంటే మీరు పనిలోకి దిగాలి.

పైకప్పుతో మొదలుపెట్టండి. సిమెంటు రేకుల మీద చిక్కటి సున్నం రెండు పూతలు మార్చి నెల ముగిసేలోపు వేయించండి. పట్టు ఉండటానికి కొంచెం ఫెవికాల్ కలపండి. రేకుల మీద వరిగడ్డి పరచి పైన నీళ్లు చల్లే పైపు పెడితే ఇంకా మేలు. గడ్డి ఎండిపోతే నిప్పురవ్వ చాలు, కాబట్టి పక్క పొలంలో గడ్డి తగలబెట్టే రోజుల్లో తడి ఆరనివ్వకండి, కరెంటు తీగలు గడ్డికి దూరంగా ఉంచండి.

పక్కలకు, పడమటి వైపు ముఖ్యంగా, షేడ్ నెట్ కట్టండి. గోడకు అంటించి కాదు, మూడు నాలుగు అడుగులు ఎడంగా, చూరు నుంచి వాలుగా దించి. అంటించి కట్టారంటే గాలి ఆగిపోతుంది, ఎండకంటే అదే ఎక్కువ చంపుతుంది.

ఫాగర్ల (నీళ్లను సన్నటి తుంపరగా చిమ్మే గొట్టాలు) దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు నేనూ చేశాను. నీటి తుంపర వేడిని లాక్కుని ఆవిరైతేనే చల్లదనం. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆవిరి కాదు, షెడ్డు ఆవిరి స్నానపు గది అవుతుంది. పడమటి వడగాలి వీచే మధ్యాహ్నం తేమ బాగా పడిపోతుంది, అప్పుడు ఫాగరు అమృతం. సాయంత్రం గాలి సముద్రం వైపు నుంచి మళ్లి ఉక్కపోత మొదలైతే అదే ఫాగరు విషం. ఒక రోహిణి కార్తెలో రాత్రి ఎనిమిదింటికి కోళ్లు రొప్పుతున్నాయని ఫాగర్లు వేసి భోజనానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి పై వరుసలో పదకొండు కోళ్లు పోయాయి. ఆ తర్వాతే తేమ మీటరు కొన్నాను, రెండు ట్రేల గుడ్ల ధర కూడా కాలేదు.

కాబట్టి ఇలా గుర్తుపెట్టుకోండి: మీటరులో తేమ 70 దాటితే ఫాగరు ఆపాలి, ఫ్యాను వేయాలి. తేమ తక్కువగా ఉంటే రెండు నిమిషాలు ఫాగరు, పది నిమిషాలు విరామం, ఫ్యాను మాత్రం నడుస్తూనే ఉండాలి. ఫ్యాను లేకుండా ఫాగరు ఎప్పుడూ వద్దు.

మేత వేళలు మార్చండి. తిన్నది అరగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది, ఆ అరుగుదలలోనే ఒంట్లో వేడి పుడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున ఐదింటికి ఒకసారి, సాయంత్రం ఐదు దాటాక ఒకసారి వేయండి. పదింటినుంచి నాలుగింటిదాకా తొట్టి కదపకండి. గుడ్డు పెంకు రాత్రిపూట తయారవుతుంది. అందుకని షెల్ గ్రిట్టు (గుల్లల నూక) సాయంత్రం మేతలోనే కలపండి.

కరెంటు పోయే ఊరైతే జనరేటరు, దానిలో డీజిలు, రెండూ మార్చిలోనే చూసుకోండి. జనరేటరు ఉండి డీజిలు లేని షెడ్లు నేను చూశాను.

5. గాలి, పెంట, ఈగలు

గూళ్ల కిందికి వెళ్లి కోడి ముక్కు ఎత్తులో తల పెట్టి రెండు నిమిషాలు ఉండండి. కళ్లు మండితే పెంటనుంచి లేచే అమ్మోనియా అనే ఘాటు వాయువు ఎక్కువైనట్టే. రోజూ తిరిగే మనిషికి ముక్కు అలవాటుపడిపోతుంది, కాబట్టి ఇంట్లోవాళ్లనో పక్కింటివాళ్లనో తీసుకెళ్లి అడగండి. వాళ్లు కొంగు అడ్డం పెట్టుకుంటే సమాధానం దొరికినట్టే.

పెంట పొడిగా ఉంటే వాసనా ఉండదు, ఈగలూ ఉండవు. గూళ్ల కింద కుప్పలు కొనదేరి, పైన పెళుసుగా ఉండాలి. ఎక్కడైనా చదునుగా, బురదగా ఉంటే దాని పైన కారుతున్న నిప్పుల్ ఉంటుంది. దాన్ని మార్చండి. చేపల చెరువులవాళ్లు లారీ పెట్టి అడిగినప్పుడు మొత్తం గీకి ఇవ్వకండి. అడుగున నాలుగైదు అంగుళాల పొడి పెంట వదిలేయాలి. ఈగ పురుగులను తినే కీటకాలు అందులోనే ఉంటాయి. నేల కనపడేలా ఊడ్చిన పది రోజులకే ఈగలు ఊరి మీద పడి, పంచాయతీ దాకా గొడవ వెళ్లిన సంగతులు మీకూ తెలుసు.

6. వెలుతురు

క్లుప్తంగా: పగటి వెలుగుతో కలిపి 16 గంటలు చాలు. అదనంగా వేయాల్సిన లైటు సాయంత్రం కాకుండా తెల్లవారుజామున వేయండి, సహజంగా చీకటి పడటం కోళ్లకు మంచిది. రాత్రంతా లైట్లు వేసి ఉంచితే గుడ్లు పెరగవు, పొడుచుకోవడం పెరుగుతుంది.

7. నేల మీద పెంచి చూడాలనుకుంటే

ఒకేసారి షెడ్డంతా మార్చకండి. ఒక మూల 300 కోళ్లతో మొదలుపెట్టండి. లెక్క ఇలా ఉంటుంది:

చోటు: కోడికి రెండు చదరపు అడుగులు, మొత్తం 600. ఇతర దేశాల్లో ఇంతకంటే ఇరుకుగా ఉంచుతారు, మన ఉక్కలో అది కుదరదు.
వాలే కర్రలు: కోడికి 15 సెం.మీ., మొత్తం 45 మీటర్లు. రెండు అంగుళాల లావు సరుగుడు బొంగులు, అంచులు గుండ్రంగా, నేలకు అడుగున్నర నుంచి మూడడుగుల ఎత్తులో మెట్లుగా.
గుడ్ల పెట్టెలు: ఆరు కోళ్లకు ఒకటి, 50. అడుగు వెడల్పు, అడుగు లోతు.
నిప్పుళ్లు: పది కోళ్లకు ఒకటి. గుండ్రటి మేత డబ్బాలు 12.
నేల: ఊక నాలుగు అంగుళాలు. కోనసీమ వైపు కొబ్బరి పొట్టు చవకగా దొరికితే సగం అది కలపండి.
ఒక మూల ఇసుక, జల్లించిన కట్టెల బూడిద కలిపిన తొట్టి.

ఆ తొట్టి ఎందుకని అందరూ అడుగుతారు. పెట్టి చూడండి. కోడి అందులో పక్కకు ఒరిగి, ఒక కాలు చాచి, రెక్కతో ఇసుక వీపు మీదికి ఎగజల్లుకుని, కళ్లు అరమోడ్చి పడుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు కోడి చచ్చిపోతోందని మా పనివాడు పరుగెత్తుకొచ్చాడు. పేలు, నల్లులు రాలిపోయేది ఆ స్నానంతోనే.

గూళ్లలో ఏడాది ఉన్న కోళ్లను నేల మీదికి దించకండి. వాటి ఎముకలు బలహీనంగా ఉంటాయి, దూకితే విరుగుతాయి, కర్ర ఎక్కడం తెలియదు. నేల మీద పెరిగిన 15, 16 వారాల పుల్లెట్లనే తెచ్చుకోండి. మొదటి వారం రోజూ చీకటి పడ్డాక టార్చితో వెళ్లి, మూలల్లో గుంపుగా పడుకున్నవాటిని ఎత్తి కర్రల మీద కూర్చోబెట్టండి. ఒకదానిమీద ఒకటి ఎక్కి ఊపిరాడక చచ్చేది ఆ మూలల్లోనే. మూలలకు అడ్డంగా ఏటవాలు చెక్క కొడితే ఇంకా నయం.

నేల గుడ్ల తలనొప్పి

నేల మీదికి మారినవాళ్లంతా మొదటి నెలలో ఫోను చేసేది దీనికే. పెట్టె ఉండగా ఊకలో గుడ్డు పెడుతోంది, మురికవుతోంది, తొక్కుతున్నాయి. మీ పెట్టెల దగ్గర వెలుతురు ఎక్కువగా ఉందేమో చూడండి. కోడికి గుడ్డు పెట్టే చోటు చీకటిగా, మరుగుగా ఉండాలి. పెట్టెకు గోనెపట్టా తెర కట్టండి, మధ్యలో చీల్చి వదలండి. మొదటి గుడ్డుకు రెండు వారాల ముందే పెట్టెలు తెరిచి ఉంచాలి. లోపల మెత్తటి వరిగడ్డి, ఒక్కోదానిలో ప్లాస్టిక్ గుడ్డు. ఉదయం ఆరింటినుంచి పదింటిదాకా గంటకోసారి తిరిగి నేల గుడ్లు ఏరేయండి, ఒక్కటి ఉండిపోతే దాని పక్కన పది పెడతాయి. మధ్యాహ్నం పెట్టెలు మూసేయకండి, రాత్రికి మాత్రం మూయండి, లేకపోతే వాటిలోనే పడుకుని రెట్టలు వేస్తాయి.

ఊక ఎలా ఉందో తెలియాలంటే పిడికిట పట్టి నొక్కి వదలండి. ముద్ద అలాగే నిలిస్తే తడి ఎక్కువ. మెల్లగా విడిపోతే బాగుంది. పిడికిలిలోంచి దుమ్ము రేగితే మరీ పొడి. వానాకాలంలో ముద్ద కట్టిన ఊక మీద సున్నం చల్లడం మనకు అలవాటు. కోళ్లు లోపల ఉండగా ఆ పని వద్దు. తడి పెంటకు సున్నం తగిలితే అమ్మోనియా ఒక్కసారిగా లేస్తుంది. తడిసినంతమేర తీసి పారేసి కొత్త ఊక వేయండి.

ముంగిసలు, పందికొక్కులు, పిల్లులు రాకుండా అడుగున రెండడుగులు రేకు, పైన సన్న జల్లెడ తీగ. నేల కోళ్లకు నులిపురుగుల మందు, కాక్సిడియా (పేగులకు వచ్చే జబ్బు) జాగ్రత్త కూడా ఉండాలి, మోతాదు పశువైద్యుణ్ణి అడిగి వేయండి.

8. చేయకూడనివి

మేత, నీళ్లు ఆపి ఈకలు రాల్చడం. గుడ్లు తగ్గిన బ్యాచ్‌ను వారం పది రోజులు మాడ్చి మళ్లీ గుడ్లకు తెచ్చే పద్ధతి ఇంకా కొందరు పాటిస్తున్నారు. అది చట్టవిరుద్ధమని జంతు సంక్షేమ మండలి 2011లోనే రాష్ట్రాలకు రాసింది. బ్యాచ్ పొడిగించాలంటే మాడ్చకుండా, తవుడు ఎక్కువగా ఉన్న తక్కువ బలం మేతతో చేసే పద్ధతులున్నాయి. నా మట్టుకు నేను బ్యాచ్ అమ్మేస్తాను.

ముక్కు రెండోసారి కత్తిరించడం. కత్తిరించక తప్పదనుకుంటే 7 నుంచి 10 రోజుల పిల్లలుగా ఉన్నప్పుడు ఒక్కసారే, కొన మాత్రమే. పెద్దయ్యాక పొడుచుకుంటున్నాయంటే తప్పు ముక్కుది కాదు. ఇరుకు, వేడి, ఎక్కువ వెలుతురు, మేతలో ఉప్పు లేదా మాంసకృత్తుల లోపం వీటిలో ఏదో చూడండి. అవిసె కొమ్మలో, తోటకూర కట్టలో వేలాడదీస్తే పొడవడానికి వాటికి ఒక పని దొరుకుతుంది.

కోడిని ఒక రెక్క పట్టి లాగడం. అమ్మే రోజున కూలీలు ఒక చేత ఐదారు కోళ్లను తలకిందులుగా పట్టుకుపోతారు, ఎముకలు పటపటమనడం వినిపిస్తుంది. రాత్రి, మసక వెలుతురులో, రెండు కాళ్లూ కలిపి పట్టి, రొమ్ముకు చేయి ఆనించి తీయమని ముందే చెప్పండి. గంట ఎక్కువ పడుతుంది, ఆ గంట కూలి మీరే ఇవ్వండి.

కోలుకోలేని కోడిని షెడ్డు బయట పడేసి దానంతటది చచ్చేదాకా వదలడం. నొప్పి తెలియకుండా క్షణంలో మెడ తప్పించే పద్ధతి పశువైద్యుడి దగ్గర నేర్చుకోండి. చచ్చిన కోడిని కాలువలో వేయకండి. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు వేల కోళ్లు ఎలా పోయాయో చూశాం. సున్నం వేసి లోతుగా పాతాలి. ఒక్కసారిగా చావులు పెరిగితే, మందులు మార్చుకుంటూ పోకుండా అదే రోజు పశుసంవర్ధక శాఖకు చెప్పాలి.

9. ఫలితం వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

గుడ్ల సంఖ్య ఒక్కటే చూడకండి. ఒళ్లు హూనమవుతున్న కోడి కూడా కొన్నాళ్లు గుడ్డు పెడుతూనే ఉంటుంది.

నెలకోసారి గుర్తుపెట్టుకున్న గూళ్లలోని 50 కోళ్లను చేతిలోకి తీసుకోండి. తూకం రాయండి. మెడ, వీపు, తోక మొదలు, మూడు చోట్ల ఈకలు చూసి, నిండుగా ఉంటే సున్నా, పలచబడితే ఒకటి, చర్మం కనిపిస్తే రెండు వేయండి. రొమ్ము ఎముక వెంట వేలు పోనివ్వండి, వంకరగా, గడ్డలా తగిలితే అది విరిగి అతుక్కున్నది. అరికాళ్లు తిప్పి పుండ్లు చూడండి. 50 కోళ్లకు గంటన్నర పడుతుంది. వందకు ఎన్ని గుడ్లు, ఎన్ని పగిలినవి, నెలలో ఎన్ని చచ్చాయి అన్నది పక్కనే రాయండి. నెలకు నూటికి ఒకటి కంటే ఎక్కువ పోతుంటే ఎక్కడో తప్పుంది.

ఈకలు మళ్లీ మొలవడానికి నెలలు పడుతుంది, తొందరపడకండి. త్వరగా మారేవి రొప్పడం, నీళ్లు, చావులు. వాటిలో రెండు వారాల్లో తేడా కనపడకపోతే నిప్పుల్ దగ్గరకు మళ్లీ కప్పు పట్టుకుని వెళ్లండి.

చివరగా ఒక పరీక్ష. రాత్రి పదింటికి, షెడ్డంతా చీకటిగా ఉన్నప్పుడు, టార్చి వేయకుండా షెడ్డులోకి వెళ్లి తలుపు దగ్గర నిలబడండి. ఆరోగ్యంగా ఉన్న షెడ్డులో అప్పుడప్పుడు ఒక కూత, కర్ర మీద కదిలిన గోళ్ల చప్పుడు వినిపిస్తాయి. గురక, తుమ్ము, కీచుమనే ఊపిరి వినిపిస్తే అది ఏ వరుసలోంచి వస్తోందో గుర్తుపెట్టుకోండి. పొద్దున్నే ఆ వరుస దగ్గరకే పీట వేసుకోవాలి.